పట్టీకి రెండు స్క్రూలు

సంతకం పెట్టనంటే పెట్టకపోయాడు, అన్నం కూడా ముట్టనంటాడేమిటీ మనిషి అని రెజీనాకి ఒళ్ళు మండుకొచ్చింది.

తొమ్మిది రోజులుగా ఇదే వరస. వడ్డించింది వడ్డించినట్టే ఉంటుంది, సువార్తరావు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు. ఇవాళ శుక్రవారం, ఖతర్‌లో సెలవు రోజు, చర్చి రోజూ అదే. అబూ హమూర్‌లో కాపురం పెట్టిన ఈ పన్నెండేళ్ళలో, ఊళ్ళో ఉండి కూడా చర్చికి వెళ్ళని శుక్రవారం ఇదొక్కటే. పాస్టరమ్మగారు రెండుసార్లు ఫోన్ చేశారు. జ్వరమని చెప్పింది రెజీనా. ఎవరికి జ్వరమో చెప్పలేదు.

బల్ల మీద పళ్ళెం పక్కనే కాగితం ఉంది. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. దాన్ని తెచ్చినవాడు ఎదురుగా కూర్చుని మూడో కప్పు టీ తాగుతున్నాడు. ఆయన ఆస్టిన్, రెజీనాకి అన్నయ్య, కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. సువార్తరావుకి తనిఖీ ఇంజనీరు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు. ఎత్తకుండానే అందరికీ గుర్తుండేలా చూసుకుంటాడు.

"చదివారు కదా. పెట్టెయ్యండి," అంది రెజీనా.

"ఏం చదివానో నీ నోటితో చెప్పు," అన్నాడు సువార్తరావు.

ఆస్టినే కప్పు కింద పెట్టి చెప్పాడు.

"మన ఫోర్‌మన్ ముత్యం నీ మాట వినలేదు. నీకు చెప్పకుండా ఆ పదకొండు ఇళ్ళూ ట్రెయిలర్లకి ఎక్కించేశాడు. అంతే కదా బావా జరిగింది. అందులో అబద్ధం ఏముంది?"

"వాడు నా మాట వినకపోవడానికి ఆ రోజు నేను యార్డులో లేనుగా బావగారూ."

"లేవని ఎవరికి తెలుసు? ఫారాల మీద నీ సంతకాలున్నాయి."

"అదే నేనూ అంటున్నాను. ఉన్నాయి."

లోపలి గదిలో మేరీ గట్టిగా చదువుతోంది. రెండు వారాల్లో పిల్లకి పదో తరగతి పరీక్షలు. చదువుతోందో, బయటి మాటలు వినపడకుండా అరుస్తోందో తల్లికి తెలియడం లేదు.

ఆ ఇళ్ళు వెళ్ళింది సముద్రం మధ్యలో చీమ తలకాయంత దేశానికి. ఆరేళ్ళ కిందట తుఫానొచ్చి సగం ఊళ్ళు తుడిచిపెట్టుకుపోతే, వాళ్ళు బుద్ధి తెచ్చుకుని ఇళ్ళు కట్టడానికి కొత్త కోడ్ రాసుకున్నారు. పైకప్పు వాసాల్లో ప్రతి ఒక్కదాన్నీ ఇనప పట్టీతో గోడకి బిగించాలి, ఒక్కో పట్టీకి ఎనిమిది స్క్రూలు పడాలి, తనిఖీ చేసిన మనిషి ఇంటింటికీ విడిగా సంతకం పెట్టాలి. ఆ లెక్కన నలభై ఇళ్ళు చెయ్యమని ఆస్టిన్ కంపెనీకి ఆర్డరిచ్చారు. సనయ్య అనే ఫ్యాక్టరీల పేట పక్కనున్న యార్డులో గదులు గదులుగా తయారుచేసి ఓడలో పంపారు. తొమ్మిది రోజుల కిందట అక్కడ మళ్ళీ తుఫాను కొట్టింది. ఇరవై తొమ్మిది ఇళ్ళు రాయిలా నిలబడ్డాయి. పదకొండింటి కప్పులు ఎగిరిపోయాయి. ఒక ముసలామె, ఆవిడ మనవలిద్దరూ గోడ కింద పడి పోయారు. ఆ దేశం వాళ్ళు మొదట పంపింది ఒకే ఒక్క ఫోటో. ఇసకలో పడి ఉన్న వాసం, దాన్ని పట్టుకునే ఉన్న పట్టీ, ఆ పట్టీకి రెండే రెండు స్క్రూలు.

ఆ ఫోటో చూసిన దగ్గర్నించే సువార్తరావుకి అన్నం సహించడం లేదు. అతనిది కోనసీమ. తాటాకు ఇళ్ళ మీంచి కొబ్బరి మోకులు వేసి గుంజలకి కట్టుకున్న వంశం. "తుఫానుకి ముందు మోకు, తర్వాత మోకాలు" అనేదట వాళ్ళ నాయనమ్మ. ముందు కప్పు కట్టుకో, ఆ తర్వాత మోకరించి ప్రార్థన చేసుకో అని. అంత భక్తురాలు కూడా వరస మాత్రం మార్చనిచ్చేది కాదట.

"లోడింగుకి ముందు రోజు, గురువారం, నేను పదకొండు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టాను," అన్నాడు సువార్తరావు మెల్లగా. "అది రాయండి బావగారూ, సంతకం పెడతాను."

"జుమ్మా సంతకాలు ఎవరు పెట్టలేదు?" అన్నాడు ఆస్టిన్. "యార్డులో మొదట్నించీ ఉన్నదే కదా. శుక్రవారం లోడింగుంటే గురువారమే సంతకాలు పెట్టేసి వెళ్తారు. నేనూ పెట్టాను నా రోజుల్లో."

"మీ రోజుల్లో చేసినవి పోర్టా క్యాబిన్లు, వాచ్‌మన్ రేకు గదులు. వాటికి కప్పు ఎగిరితే వాచ్‌మన్ కుర్చీ తడుస్తుంది."

"వెటకారాలొద్దు. ఖాళీ ఫారాల మీద పెట్టానని నువ్వు చెప్పిన మరుక్షణం నీ మీద కేసు. వీసా ఖలాస్. పిల్ల పరీక్ష ఖలాస్. నా చెల్లెలు ఏమైపోవాలి?"

"ముత్యం భార్య ఏమైపోవాలి?"

"వాడు లేబరు మనిషి. మహా అయితే క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతారు."

"ముగ్గురు పోతే ఇంటికి పంపుతారా?"

ఆస్టిన్ టీ కప్పు ఎత్తి, అది ఖాళీ అయిందని చూసుకుని మళ్ళీ దింపాడు.

రెజీనా లేచి పెన్ను తెచ్చింది. మూత తీసి మొగుడి వేళ్ళ మధ్య పెట్టింది. "మీకు దణ్ణం పెడతాను. నా కోసం వద్దు, దాని కోసం పెట్టండి," అంది గది వైపు చూపిస్తూ. ఆ గొంతులో వణుకు నిజమే. కానీ వణుకంతా పిల్ల గురించి కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఎందుకంటే ఇళ్ళు ట్రెయిలర్లకి ఎక్కించిన ఆ శుక్రవారం సువార్తరావు ఫోన్ రెజీనా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

పోయిన సెప్టెంబరు మొదటి శుక్రవారం, మేరీ కన్ఫర్మేషన్, బిషప్ తల మీద చెయ్యుంచి పిల్లని సంఘంలో చేర్చుకునే రోజు. బిషప్‌గారు ఇండియా నుంచి వచ్చారు. అంతకు ముందు ఏడాది పిల్ల పుట్టినరోజుకి కేకు కోసే వేళకి యార్డు నుంచి ఫోనొచ్చి ఈయన వెళ్ళిపోయాడు. ఈసారి అలా కుదరదని రెజీనా పట్టుబట్టి ఫోన్ లాక్కుని బ్యాగులో వేసుకుంది. పిల్ల బిషప్‌గారి ముందు మోకరించబోతుండగా బ్యాగులో ఫోన్ వణికింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. తల్లిదండ్రులిద్దరూ పిల్ల వెనకాల నిలబడాలి. ఆమె బయటికి వెళ్ళి వరండాలో చెవికి ఆనించుకుని ముత్యం పంపిన వాయిస్ విన్నది. ఈయనకి చెప్తే కారెక్కి వెళ్ళిపోతాడు. చెప్పకపోతే వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. ఒకే ఒక్క మాట టైపు చేసింది. 'పంపించేయండి.' తర్వాత వాయిసూ జవాబూ రెండూ ఫోన్లోంచి తుడిచేసి, లోపలికొచ్చి, మొగుడి పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది.

ఆ రోజుకి అది పెద్ద తప్పుగా తోచలేదు. మొగుడి ఫోన్లో పెళ్ళాం జవాబివ్వడం లోకంలో లేనిదా? ఇప్పుడు తొమ్మిది రోజులుగా ఆ ఒక్క మాటా గొంతుకి అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు.

కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీసింది ఆమే. గడపవతల ముత్యం. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను, మొహమంతా చెమట. సనయ్య క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. లోపల మేనేజర్ని చూసి చెప్పులు విడవబోయినవాడల్లా ఆగాడు.

"సారుతోటి ఒక్క మాట మాట్లాడి పోత అక్కా."

"లోపలికి రా ముత్యం," అన్నాడు సువార్తరావు.

వచ్చాడు గానీ కూర్చోలేదు. జగిత్యాల పక్క పల్లె మనిషి. పదహారేళ్ళుగా ఖతర్‌లో ఉన్నాడు. యార్డులో ఇరవై మంది మీద పెద్ద. మాట్లాడేటప్పుడు ఎవరి మొహంలోకీ చూడడు, ఇవాళ మాత్రం చూస్తున్నాడు.

"సారూ, క్యాంపుల అందరు ఒక్క తీరే అంటున్నరు. తప్పంత ముత్యంది అని కాయితం తయారయిందట. నా పాస్‌పోర్టు ఆఫీసుల అడిగిండ్రు పొద్దుగాల. నిజమేనా?"

"నువ్విక్కడికి రాకూడదు," అన్నాడు ఆస్టిన్. "ఏదున్నా ఆఫీసులో మాట్లాడు."

"ఆఫీసుల నా మాట ఎవలింటరు సారూ?" ముత్యం గొంతు పెంచలేదు. "తొమ్మిది దినాలు ఊకున్న. సారు ఉన్నడు, సారు చెప్తడు అనుకున్న. ఇంట్ల అమ్మ గౌరవ్వకు గూడ చెప్పలే. ఈడ ఏం గాలె, ఏడనో గాలొచ్చింది పోయింది అన్న. నా పెండ్లాం మమతకు మాత్రం చెప్పిన. అది ఏడ్వలే. నువ్వు అడిగినవా లేదా అన్నది. అడిగిన అన్న. అడిగితే మరి ఎందుకు భయపడుతున్నవు అన్నది. అందుకే వచ్చిన."

"ఏం అడిగావు?" అన్నాడు సువార్తరావు.

ముత్యం తెల్లబోయాడు. "సారూ, మిమ్ముల్నే గదా అడిగింది."

రెజీనా గోడకి ఆనుకుంది. ఇప్పుడే, ఈ క్షణమే చెప్పెయ్యాలి అనుకుంది. నోరు తెరిచింది కూడా. ఈలోగా ముత్యం ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు.

గదిలో ఆ శుక్రవారం పొద్దుటి రొద వినిపించింది. ట్రెయిలర్ ఇంజను, ఎవరో హిందీలో అరుపు, దాని మీద ముత్యం గొంతు.

"సారూ, ముత్యంను. గీ పదకొండు ఇండ్లకు పోర్టా గ్యాంగోళ్ళు పట్టీకి రెండే స్క్రూలు కొట్టిండ్రు. మన క్యాబిన్లకు గట్లనే కదా, ఈడ రెండు కొడుతం, సైటు మీద మిగిలినయి కొట్టుకుంటరు. గదే అలవాటుల కొట్టిండ్రు. ఇప్పుడు చూసిన. పది గొట్టినంక సర్కారు రూలు, ఎండ పని బంద్, ఇగ మూడున్నర దాంక ముట్టొద్దు. ఆపితే ఓడ తప్పుతది. ఆపాల్నా, పంపాల్నా? జెర చెప్పుండ్రి సారూ."

కింద జవాబు. సువార్తరావు నంబరు నుంచి, తొమ్మిదీ పన్నెండుకి. పంపించేయండి.

"మిగిలిన స్క్రూల డబ్బాలు గూడ లోపలనే పెట్టి పంపిన సారూ," అన్నాడు ముత్యం. "ఆడోళ్ళు కొట్టుకుంటరని. మీరు మాట్లాడినరు అనుకున్న వాళ్ళతోటి."

అక్కడి వాళ్ళు ఎందుకు కొడతారు? ఫారం మీద తనిఖీ అయిందని ఇంజనీరు సంతకం ఉంది. డబ్బాలు చూసి ఎగస్ట్రా స్క్రూలు పంపారు పాపం అనుకుని ఉంటారు. పైన సీలింగు పలకలు బిగించేసి, పిల్లాపాపలతో గృహప్రవేశం చేసుకుని ఉంటారు.

ఆస్టిన్ ముందుకు వంగి తేదీ చూశాడు, టైము చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది. "ఇది ఎవరికైనా చూపించావా?"

"లేదు సారూ."

సువార్తరావు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఒక్క మాటనీ చాలాసేపు చూశాడు. తొమ్మిదీ పన్నెండుకి తను ఎక్కడున్నాడో అతనికి తెలియదా? బిషప్‌గారి చెయ్యి కూతురి తల మీద ఉంది. తన రెండు చేతులూ కూతురి భుజాల మీద ఉన్నాయి. పక్కన ఉండాల్సిన మనిషి కాస్త ఆలస్యంగా వచ్చి నిలబడింది.

అతను తలెత్తి రెజీనాని చూశాడు. ఆ చూపులో కోపముంటే ఆమె తట్టుకునేది. అందులో ఏమీ లేదు.

"నేనే పంపాను," అన్నాడు.

"బావా," అన్నాడు ఆస్టిన్.

"నా నంబరు, నా ఫోను. నేనే పంపాను. ముత్యం అడిగాడు, నేను పంపెయ్యమన్నాను. ఖాళీ ఫారాల సంగతీ రాయండి. ఇంకో కాగితం తియ్యండి బావగారూ."

"నీకు మతి పోయిందా? ఈ ఫోను ఇక్కడే ఉంది, వీడూ ఇక్కడే ఉన్నాడు. కూర్చుని మాట్లాడుకుంటే..."

"వాడితో బేరమాడకండి. వాడు అడగాల్సింది అడిగాడు. యార్డులో ఆ రోజు అడిగినవాడు వాడొక్కడే."

ఆస్టిన్ చెల్లెలి వైపు చూశాడు, నువ్వైనా చెప్పవే అన్నట్టు. రెజీనా పళ్ళెం వైపు చూసింది. మొగుడు అంత గట్టిగా 'నేనే' అన్నాక ఇప్పుడు తను అడ్డం వెళ్తే ఏమవుతుందో ఆలోచిస్తున్నానని తనకి తాను చెప్పుకుంది. నిజానికి ఆమె గుండెల మీంచి బరువు దిగింది. అలా దిగినందుకే ఆమెకి తన మీద తనకి అసహ్యం వేసింది.

ఆస్టిన్ ల్యాప్‌టాప్ బ్యాగులోంచి తెల్లకాగితం తీశాడు. సువార్తరావు నిలబడే రాశాడు. ఏడు వరసలు. సంతకం పెట్టి, కింద తేదీ వేశాడు. పాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పళ్ళెం పక్కన పెట్టాడు.

ముత్యం కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ రెజీనా ముందు ఆగి చేతులు జోడించాడు.

"అక్కా, ఏమనుకోకుండ్రి. మీ ఇల్లు ఆగం చేద్దామని రాలే. పిల్లలున్నోణ్ణి. సారు అసొంటి మనిషి ఉండడు. మీరు మంచిగుండాలె."

ఆ దీవెనని ఆమె తల వంచి పుచ్చుకుంది. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

"మందూబ్‌కి ఫోన్ చేసి, వకీలుని పట్టుకున్నాకే దీన్ని ఆఫీసులో ఇస్తాను," అన్నాడు ఆస్టిన్ గుమ్మంలో. కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషిని అందరూ మందూబ్ అనే అంటారు. "ఒక అరగంట. ఈలోగా మనసు మారితే చెప్పు బావా. ఇది ఇచ్చాక నేను కూడా ఏమీ చెయ్యలేను."

తలుపు మూసుకుంది. మేరీ చదువు ఎప్పుడో ఆగిపోయింది.

రెజీనా కింద కూర్చుంది. "నాకు తెలియక చేశానండీ," అంది.

సువార్తరావు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆమెకి దగ్గరగా కూర్చోవడం ఇదే.

"ఒకటి అడుగుతాను. వాయిస్ మొత్తం విన్నావా, మధ్యలో ఆపి జవాబు కొట్టేశావా?"

తప్పించుకునే దారి అతనే చూపిస్తున్నాడు. వినలేదంటే చాలు. పిల్ల పిలిచింది, సగంలో ఆపేశాను అంటే చాలు. అతను నమ్ముతాడు, నమ్మాలనే అడుగుతున్నాడు.

"విన్నాను," అంది. "రెండుసార్లు విన్నాను. మొదటిసారి రొదలో సరిగ్గా అర్థం కాలేదు."

"రెండే స్క్రూలు పడ్డాయన్నాడు. అది విన్నావు."

"విన్నాను. అక్కడ కొట్టుకుంటారని కూడా అన్నాడు కదా అనుకున్నాను. మిమ్మల్ని పోనివ్వకూడదు అనుకున్నాను. అంతే. పిల్ల వెనక్కి తిరిగి చూస్తే మీరు ఉండాలి అనుకున్నాను."

"నువ్వూ సముద్రం ఒడ్డున పుట్టినదానివే కదా రెజీనా."

అంతర్వేది దగ్గర వాళ్ళ పెంకుటిల్లు. చిన్నప్పుడు గాలికి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే తండ్రి ఆమెనీ అన్నయ్యనీ మంచం కింద తోసి పైన తను పడుకున్నాడు. కప్పంటే ఏమిటో ఎవరూ ఆమెకి కోడ్ పుస్తకం తెరిచి చెప్పక్కర్లేదు.

"ఇంకొకటి," అన్నాడు సువార్తరావు. గొంతు మామూలుగానే ఉంది, బజారు నుంచి ఏం తేవాలో అడుగుతున్నట్టే ఉంది. "ఇవాళ ముత్యం రాలేదనుకో. ఆ మొదటి కాగితం మీద నాతో సంతకం పెట్టించేదానివా? అంతా తెలిసి కూడా?"

పెన్ను మూత తీసి ఆ వేళ్ళ మధ్య పెట్టింది తనే. గంట కూడా కాలేదు.

అబద్ధం చెప్పాలనే అనుకుంది రెజీనా. లేదండీ, ఆఖరి నిమిషంలో ఆపేదాన్ని అందామనుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మనిషి మొహం చూస్తూ, అన్నం లేక పీక్కుపోయిన ఆ దవడలు చూస్తూ అనలేకపోయింది.

"పెట్టించేదాన్ని," అంది.

అతను తల ఊపాడు. లెక్క సరిపోయిందన్నట్టు ఊపాడు. లేచి నిలబడి, ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"నాకు భయమండీ," అంది ఆమె. "ముత్యం అంటే నాకు పడక కాదు. మీ మీద ప్రేమ లేకా కాదు. ఉట్టి భయం. ఇంత పిరికిదాన్నని నాకే తెలియదు."

"నీ కోసం రాశాననుకోకు," అన్నాడు సువార్తరావు. "ఫారాల మీద సంతకాలు నావి. నువ్వు ఆ మాట కొట్టకపోయినా నేను దోషినే. కానీ నువ్వు కొట్టావు, కొట్టి తొమ్మిది రోజులు నాకు అన్నం వడ్డించావు. అది ఏ కాగితం మీద రాయాలో నాకు తెలియదు."

ఆమెకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండును, మనిషి కాస్త దగ్గరకి తీసుకునేవాడేమో అని కూడా అనిపించింది, ఆ అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

లోపలి గది తలుపు తీసి ఉంది. మేరీ గడపలో నిలబడి ఉంది. చేతిలో పుస్తకం లేదు. ఎంతసేపట్నించి అలా నిలబడి ఉందో తల్లీ తండ్రీ ఇద్దరికీ తెలియదు.

ఆ పిల్ల ఇద్దరినీ దాటుకుని కిటికీ దగ్గరకి నడిచింది. కర్టెను పక్కకి జరిపి కిందికి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తల్లి కళ్ళలోకి చూసింది.

"మామయ్య కారు ఇంకా కిందే ఉందమ్మా," అంది.